రూళ్ళకర్రలో రంధ్రం

మీ దగ్గరున్న బాల్ పాయింటు కలాన్ని ఒక్కసారి విప్పండి. రీఫిల్ తీసి పక్కన పెట్టి, మిగిలిన గొట్టాన్ని కంటికి ఆనించుకుని కిటికీ వైపు చూడండి. ఈ కొస నుంచి ఆ కొస దాకా గుండ్రని వెలుతురు కనిపిస్తుంది, అవునా? ఆ వెలుతురు వచ్చే దారిని గురించే ఈ నెల మీతో మాట్లాడదలిచాను.

ప్లాస్టిక్కు కలంలో ఆ దారిని ఎవరూ తొలవరు. అచ్చు మధ్యన ఒక ఉక్కు కడ్డీ నిలబెట్టి, కరిగిన ప్లాస్టిక్కును చుట్టూ నింపుతారు. చల్లారిన తరువాత కడ్డీని లాగేస్తే దారి మిగులుతుంది. కాని కొయ్యతో కలం చేయాలంటే అట్లా కుదరదు గదా! కొయ్యను కరిగించలేము. దానిని తొలవాలి. అదీ వేలెడు మందం కూడా లేని కర్రను, నిలువునా, ఈ కొస నుంచి ఆ కొసకు. అట్లా తొలవటం చాలా తేలిక అనుకున్నాను నేను. ముప్ఫయి యేళ్ళకు పైగా పిల్లలకు రేఖాగణితం చెప్పినవాణ్ణి, వృత్తానికి కేంద్రం ఎక్కడుంటుందో నాకు ఎవరైనా చెప్పాలా అనుకున్నాను. ఆ గర్వం ఎట్లా అణిగిందో వినండి.

మా నాన్నగారు కూడా బడిపంతులే. ఆయన దగ్గర ఒక రూళ్ళకర్ర ఉండేది. ఈ కాలపు పిల్లలు రూళ్ళకర్రను చూసి ఉండరు. అది ఇప్పటి స్కేలులాగా బల్లపరుపుగా ఉండదు, గుండ్రంగా ఉంటుంది. కాగితం మీద దొర్లించుకుంటూ దాని పక్కన గీతలు గీస్తే అన్నీ సమాంతరంగా వస్తాయి. నాన్నగారిది జిట్రేగు కర్ర. పొడవు 12 అంగుళాలు, మందం 18 మిల్లీమీటర్లు. ఎన్నో సంవత్సరాల హాజరు పట్టీలకు గీతలు గీసి గీసి, దాని రంగు నల్లద్రాక్ష రంగుకు తిరిగింది. "తాతయ్యా, దీనితో పిల్లలను కొట్టేవారా?" అని మా మనుమరాలు అడిగింది. మా నాన్నగారు కొట్టేవారో లేదో ఇక్కడ వ్రాయను. బల్ల మీద మాత్రం గట్టిగా కొట్టేవారు.

ఉద్యోగం నుంచి విరమించిన తరువాత నేను ఒక చిన్న లేతు కొనుక్కున్నాను. లేతు అంటే కర్రను గిరగిర తిప్పే యంత్రం. తిరిగే కర్రకు ఉలి ఆనిస్తే అది గుండ్రంగా చెక్కబడుతుంది. ఏటికొప్పాక లక్క బొమ్మలను అంకుడు కర్రతో ఈ పద్ధతిలోనే చేస్తారు. మన పెద్దలు దీనిని తరిమెన పట్టటం అనేవారు. నాన్నగారి రూళ్ళకర్రతో రెండు కలాలు చేసి, ఒకటి మనుమరాలికీ, ఒకటి మనుమడికీ ఇస్తానని మాట ఇచ్చేశాను. మాట ఇచ్చిన తరువాత లెక్క వేశాను. లెక్క వేసిన తరువాత మాట ఇవ్వవలసింది!

లెక్క ఇది. కొయ్య కలానికి లోపల రెండు ఇత్తడి గొట్టాలుంటాయి, పైభాగానికి ఒకటి, కిందిభాగానికి ఒకటి. గొట్టం మందం 7 మిల్లీమీటర్లు, పొడవు సుమారు 53 మిల్లీమీటర్లు. కొసలు సరిచేసుకోవటానికి మరో 4 కలుపుకుంటే ఒక్కొక్క కర్ర ముక్క 57 మిల్లీమీటర్లు ఉండాలి. రెండు కలాలకు నాలుగు ముక్కలు. 12 అంగుళాలంటే 305 మిల్లీమీటర్లు. ఐదు ముక్కలు కోస్తే 285, రంపం తినేసేది ఐదు కోతలకు 10, మొత్తం 295. అంటే నాలుగు ముక్కలు పనికి, ఒక ముక్క పొరపాటుకు. మిగిలేది 10 మిల్లీమీటర్ల చిన్న తుంపు. ఒక్క తప్పుకు మాత్రమే చోటున్నది. రెండో రూళ్ళకర్ర లేదు.

ఐదు ముక్కలనూ కోసి వరుసగా పెట్టాను. మొదటి ముక్కను వైసులో నిలువుగా బిగించి, చేతి కరెంటు డ్రిల్లుకు 7 మిల్లీమీటర్ల బిట్టు తొడిగి, పైన ముక్క మధ్యన ఆనించి మీట నొక్కాను. బిట్టు మొన నేను పెట్టిన చోట నిలవలేదు. తడి సబ్బు మీద కాలు జారినట్లు సర్రున పక్కకు జారి, అక్కడ దిగటం మొదలుపెట్టింది. సరే, ఎట్లాగూ దిగుతున్నది గదా అని బలంగా నొక్కాను. సగం దిగేసరికి సన్నగా పొగ వచ్చింది. కమ్మని జిట్రేగు వాసన కాస్తా మాడు వాసన అయింది. నేను ఇంకా గట్టిగా నొక్కాను. టప్పుమని శబ్దం. ముక్క ఈ కొస నుంచి ఆ కొసకు బీట తీసింది. పొరపాటుకు ఉంచిన చోటు పావు నిమిషంలో అయిపోయింది.

ఇక్కడ ఆగి బిట్టును చూడండి. ఇప్పుడు మనం వాడే మెలికల బిట్టుకు అమెరికాలో స్టీఫెన్ మోర్స్ అనే ఆయన 1863లో పేటెంటు పొందాడు. దాని ఒంటికి రెండు మెలిక గాళ్ళు ఉంటాయి. మొన దగ్గర రెండు కోత అంచులు ఉంటాయి, ఇటు ఒకటి, అటు ఒకటి. కాని ఆ రెండు అంచులూ సరిగ్గా మధ్యలో కలవవు. వాటి మధ్యన ఉలి అంచులాంటి చిన్న గీత ఉంటుంది. భూతద్దం పెట్టి చూస్తే స్పష్టంగా కనిపిస్తుంది. ఆ గీత కోయదు, గీకుతుంది, నెట్టుతుంది, అంతే. అందుచేత నున్నని తలం మీద బిట్టును పెడితే, కోత అంచులకు పట్టు దొరికేలోగా ఆ నడిమి గీత ఎటువైపు పోనిస్తే అటు పోతుంది. జిట్రేగులాంటి కర్రలో ఒక చార గట్టిగా, పక్క చార మెత్తగా ఉంటుంది గనుక మొన మెత్తని వైపుకే మొగ్గుతుంది.

దీనికి చేయవలసింది ఏమీ లేదు, దానికి ముందే ఒక గుంట చూపించాలి. వడ్రంగులు దబ్బనంలాంటి మొనతో మధ్యన గుంట పొడుస్తారు. పొట్టిగా, లావుగా ఉండే చిన్న బిట్టుతో ముందు రెండు మూడు మిల్లీమీటర్లు తొలిచి, తరువాత అసలు బిట్టు పెట్టటం ఇంకా మంచిది. పొట్టి బిట్టు వంగదు గనుక జారదు.

మరి పొగ? తొలిచిన పొట్టు ఎక్కడికి పోవాలి? ఆ మెలిక గాళ్ళ వెంట మెట్లెక్కినట్లు పైకి రావాలి. రంధ్రం లోతు తక్కువగా ఉన్నప్పుడు అట్లాగే వస్తుంది. లోతు పెరిగిన కొద్దీ పొట్టు గాళ్ళలో ఇరుక్కుని గట్టిపడుతుంది. అప్పుడు బిట్టు కొయ్యను కోయటం మాని పొట్టును రుద్దటం మొదలుపెడుతుంది. రుద్దితే వేడి పుడుతుందని మీకు తెలుసు. చలికాలంలో అరచేతులు రుద్దుకోవటం లేదూ! ఆ వేడి ఎంత వేగంగా పుడుతుందో చూడండి. 7 మిల్లీమీటర్ల బిట్టు అంచు ఒక చుట్టు తిరిగితే ఎంత దూరం పోతుంది? 7ను 22/7తో గుణించండి. 22 మిల్లీమీటర్లు. నిమిషానికి 1000 చుట్లు తిరిగితే 22 మీటర్లు. నేను మీట ఆసాంతం నొక్కేశాను. అది 3000 చుట్లు తిరిగిందనుకుంటే 66 మీటర్లు. నిమిషంలో 66 మీటర్ల దూరం, ఆ ఇరుకు సందులో, కొయ్యను రుద్దుతూ పోయిందన్నమాట. పొగ రాక ఏమవుతుంది? పైగా వెనకనుంచి నా బలం.

అందుకని అరంగుళం దిగగానే బిట్టును పూర్తిగా బయటికి తీయాలి. పొట్టు దులపాలి, కుంచెతోనే సుమా, వేళ్ళతో కాదు, బిట్టు ఆగిన తరువాతనే. మళ్ళీ దించాలి. లోతు పోయిన కొద్దీ ఇంకా త్వరత్వరగా తీస్తూ ఉండాలి. బయటికి తీసిన బిట్టు కొంచెం వెచ్చగా ఉంటే ఫరవాలేదు. దాని దగ్గర చెయ్యి పెడితే సెగ కొడుతున్నదంటే పని ఆపి, చల్లారనివ్వాలి. ఇంకొక సంగతి. మొద్దుబారిన బిట్టును ఎంత నెమ్మదిగా తిప్పినా అది కాలుస్తూనే ఉంటుంది. పదునైన బిట్టు చుట్టలు చుట్టలుగా పొట్టు తీస్తుంది. మొద్దుది పిండి రాలుస్తుంది. పొట్టును చూసి బిట్టు ఆరోగ్యం చెప్పవచ్చు.

ఇదంతా నాకు చెప్పినది మా వీధి చివర వడ్రంగి. ఒకప్పుడు నా దగ్గర లెక్కలు నేర్చుకున్నవాడే. తొమ్మిదో తరగతిలో చదువు మానేశాడు. బీటతీసిన ముక్క తీసుకుని వెళితే, తిప్పి తిప్పి చూసి, "మాస్టారూ, ముందు గుంట పెట్టారా?" అన్నాడు. లేదన్నాను. "మధ్యలో తీశారా?" లేదన్నాను. "కింద చెక్క పెట్టారా?" అన్నాడు. మూడో ప్రశ్నకు కూడా జవాబు లేకపోయేసరికి అతను నవ్వు ఆపుకుని, "మీరు మమ్మల్ని ఇట్లాగే అడిగేవారండీ" అన్నాడు.

కింద చెక్క ఎందుకంటే, బిట్టు అవతలి కొసకు చేరేసరికి చివరి పొర పలచబడుతుంది. దాని వెనుక ఆధారం ఏమీ ఉండదు. అప్పుడు బిట్టు ఆ పొరను కోయదు, తోసేస్తుంది. పెచ్చు ఊడివస్తుంది. ముక్క కింద ఒక పనికిరాని చెక్కను గట్టిగా ఆనించి బిగిస్తే ఆ పొర తోసుకుపోవటానికి చోటుండదు. కర్ర దండిగా ఉన్నవాళ్ళు ముక్కను కొంచెం పొడుగ్గా కోసుకుని, అవతలికి పోకుండానే ఆపి, ఆ కొసను రంపంతో కోసేస్తారు. రంధ్రం దానంతట అదే బయటపడుతుంది. నాకున్నది 4 మిల్లీమీటర్లే గనుక చెక్క పద్ధతే గతి.

ఇన్ని నేర్చుకుని రెండో ముక్క పట్టుకున్నాను. ఈసారి చేతి డ్రిల్లును నిలువుగా పట్టే స్టాండు తెచ్చాను. గుంట పెట్టాను. కింద చెక్క పెట్టాను. అరంగుళానికి ఒకసారి బిట్టు తీశాను. పొగ లేదు, బీట లేదు, పెచ్చు లేదు. విజయం అనుకుని ముక్కను తలకిందులు చేసి చూస్తే గుండె జల్లుమన్నది. పైన సరిగ్గా మధ్యన దిగిన రంధ్రం, అడుగున మధ్యకు 5 మిల్లీమీటర్ల పక్కన బయటికి వచ్చింది!

తప్పు బిట్టుది కాదు. బిట్టు తిన్నగానే దిగింది. ముక్కే వంకరగా నిలుచున్నది. వైసు దవడలు బల్లపరుపువి, నా ముక్క గుండ్రనిది. గుండ్రని దానిని రెండు బల్లపరుపు దవడల మధ్య బిగిస్తే అది రెండే రెండు గీతల మీద పట్టు ఇస్తుంది. ముందుకో వెనక్కో ఒరిగినా దవడలకు తెలియదు. ఎంత ఒరిగింది? 57 మిల్లీమీటర్ల పొడవులో 5 మిల్లీమీటర్లు. మీ కోణమాపకం తీసి చూడండి, అది 5 డిగ్రీలే. నేను ఎదురుగా నిలబడి చూశాను గనుక కుడి ఎడమల ఒరుగు నాకు కనబడేది. నా వైపుకో అవతలి వైపుకో ఒరిగితే నా కంటికి ఆనదు.

ఈ సంగతి మీరు ఇంట్లోనే పరీక్షించవచ్చు, డ్రిల్లు అక్కరలేదు. ఒక క్యారట్టును రెండంగుళాల ముక్కగా కోయించుకోండి. అల్లిక సూది ఒకటి తీసుకుని పైకొస మధ్య నుంచి గుచ్చి, అడుగు కొస మధ్యన బయటికి తీయటానికి ప్రయత్నించండి. ఎక్కడ వచ్చిందో కొలిచి వ్రాసుకోండి. తరువాత ఇంకొక ముక్కతో, మీరు ఎదుటనుంచి చూస్తుండగా మీ తమ్ముణ్ణో చెల్లెలినో సరిగ్గా పక్కనుంచి చూస్తూ "ఇటు, అటు" అని చెప్పమనండి. రెండోసారి ఎంత మెరుగో మీకే తెలుస్తుంది. మూలమట్టాన్ని ముక్కకు ఎదుట ఒకసారి, పక్కన ఒకసారి ఆనించి చూడటం కూడా ఈ పనే. గుండ్రని ముక్కయితే, ఒక చెక్కలో నిలువుగా పొడుగునా 'వి' ఆకారపు గాడి తీసి, ఆ గాడిలో నిలబెట్టి బిగించాలి. అప్పుడు ఒరగటానికి చోటు దొరకదు.

సరే, పాడైన ముక్క సంగతి ఏమిటి? నేను దానిని పట్టుకుని దిగులుగా కూర్చుంటే మా మనుమరాలు, "బొక్క పక్కకు పోతే ఏమవుతుంది తాతయ్యా? లోపలే గదా ఉంటుంది?" అన్నది. చాలా మంచి ప్రశ్న. నిజం చెప్పాలంటే, కొంచెం పక్కకు పోతే ఏమీ కాదు.

ఎందుకో చూడండి. రంధ్రంలో ఇత్తడి గొట్టం అతికించిన తరువాత, ఆ గొట్టంలోనుంచి ఒక ఉక్కు కడ్డీ దూర్చి లేతుకు బిగిస్తారు. అప్పుడు కర్ర దేని చుట్టూ తిరుగుతుంది? తన పాత కేంద్రం చుట్టూ తిరగదు, రంధ్రం చుట్టూ తిరుగుతుంది. ఉలి ఆనించగానే లావుగా ఉన్న వైపు తెగిపోయి, రంధ్రమే కొత్త కేంద్రం అవుతుంది. కాబట్టి ప్రశ్న ఒక్కటే. రంధ్రం మధ్య నుంచి దగ్గరి అంచుదాకా, కలానికి కావలసినంత కర్ర ఉన్నదా లేదా?

నా ముక్క వ్యాసం 18, వ్యాసార్థం 9. రంధ్రం 5 పక్కకు పోయింది గనుక దగ్గరి అంచుకు మిగిలినది 4 మిల్లీమీటర్లు. కలం కొసన లోహపు మూతితో కలిసే చోట వ్యాసం 8.4, అంటే వ్యాసార్థం 4.2. నాకున్నది 4. తక్కువ పడినది 0.2 మిల్లీమీటరు! మీ నోటుపుస్తకంలో రెండు కాగితాల మందం. రంధ్రం 4 మిల్లీమీటర్లే పక్కకు పోయి ఉంటే ఎవరికీ తెలియకుండా గట్టెక్కేవాణ్ణి. ఇప్పుడు ఆ కొసన ఒక పక్క చదునుగా మిగిలి, లోహపు మూతి అంచు వేలికి గీరుకుంటుంది. రోజూ వ్రాసుకునే కలానికి అది పనికిరాదు.

ముక్కను వడ్రంగి దగ్గరికి తీసుకువెళ్ళాను. అతను, "తొలిచినదానిని పూడ్చి మళ్ళీ తొలవాలండీ. బీటతీసిన ముక్క పారేయలేదు గదా?" అన్నాడు. పారేయలేదు. నాన్నగారి కర్రను ఎట్లా పారేస్తాను!

పూడ్చటానికి వేరే కర్ర ఎందుకు పనికిరాదో తెలుసా? మెత్తని కర్రతో పూడిస్తే, రెండోసారి తొలిచేటప్పుడు బిట్టు ఆ మెత్తని దారినే వెతుక్కుంటూ పోతుంది. గట్టి కర్రతో పూడిస్తే దానినుంచి తప్పుకుని అవతలికి పోతుంది. అదే జాతి కర్ర, అదే గట్టితనం, చారలు కూడా అదే దిశలో నిలువుగా ఉండాలి. బీటతీసిన మొదటి ముక్కలోనుంచి అతను ఒక పుల్ల చీల్చి, ఉలితో ఎనిమిది పలకలుగా చెక్కాడు. 7 మిల్లీమీటర్ల రంధ్రమున్న ఒక ఇనుప పలక మీద దానిని నిలబెట్టి సుత్తితో మెల్లగా దిగగొట్టాడు. ఎక్కువైన కర్ర అంచున గీరుకుపోయి, అడుగునుంచి గుండ్రని పుల్ల వచ్చింది! దానికి జిగురు పూసి పాత రంధ్రంలో దించి, "రేపటిదాకా ముట్టుకోకండి మాస్టారూ" అన్నాడు. ముట్టుకోలేదు. ఆ రాత్రి రెండుసార్లు లేచి చూసినమాట మాత్రం నిజం.

మర్నాడు అతను మా ఇంటికి వచ్చి లేతును చూసి ఆశ్చర్యపోయాడు. "ఇది పెట్టుకుని బయట తొలుస్తారేమిటండీ!" అన్నాడు. లేతు చెక్కటానికే అనుకున్నాను నేను. ముక్కను లేతు చక్కులో బిగించాడు. మూడు దవడలు మూడు వైపులనుంచి పట్టుకున్నాయి. చదరపు ముక్కయితే దీనికి వేరే చక్కు కావాలి గాని, రూళ్ళకర్ర గుండ్రనిది గనుక అందులో ముద్దుగా ఇమిడింది. ఎదుటి కొసనున్న దిమ్మలో బిట్టును కదలకుండా బిగించాడు. ఇప్పుడు తిరిగేది కర్ర, నిలిచి ఉండేది బిట్టు.

రెండింటికీ తేడా ఏమిటంటారా? కర్ర నిలిచి ఉన్నప్పుడు, దానిలో గట్టి చార ఎడమవైపు ఉంటే అది బిట్టును ఎప్పుడూ కుడికే నెట్టుతూ ఉంటుంది. కొంచెం కొంచెంగా ఆ నెట్టుడు పేరుకుంటుంది. కర్రే తిరుగుతున్నప్పుడు ఆ చార ఈ క్షణం ఎడమన ఉంటే మరుక్షణం కుడిన, పైన, కింద ఉంటుంది. ఒక దిక్కుకు నెట్టినది వెంటనే ఎదురు దిక్కుకు నెట్టుతుంది. అందుచేత బిట్టు చాలావరకు మధ్యనే ఉంటుంది. చాలావరకు అన్నాను. మొదట గుంట లేకపోతే ఇక్కడ కూడా తప్పుతుంది.

లేతుతో కలాలు చేయటంలో మన రాజమండ్రికి మంచి పేరున్నది. అక్కడ కోసూరి వెంకటరత్నంగారు 1932లో కలాల పని ప్రారంభించారు. ఆయన చేసిన కలం కుమారప్పగారి ద్వారా గాంధీగారికి చేరింది. దానితో వ్రాసి చూసి, విదేశీ కలాలకు బదులుగా వాడదగినదని మెచ్చుకుంటూ గాంధీగారు 1935లో రత్నంగారికి ఉత్తరం వ్రాశారు. ఆ కలాలు ఎబొనైటువి. రబ్బరులో గంధకం బాగా ఎక్కువ కలిపి ఉడికిస్తే రాయిలా గట్టిపడే పదార్థం ఎబొనైటు. నల్లని ఎబొనీ కర్రలాగా ఉంటుందని ఆ పేరు. దానిలో చారలు లేవు గనుక బిట్టును పక్కకు లాగేవారు లేరు. కాని వేడి దగ్గర అది కొయ్య కంటే పెంకిది. వేడెక్కితే గంధకం వాసన వేస్తుంది. పొట్టు తీయకుండా తొలిస్తే ముక్కే మీకు ముక్కు ద్వారా చెబుతుంది! ఇంకొక చిక్కు ఏమిటంటే, సిరాను నేరుగా పోసుకునే ఎబొనైటు కలంలో ఇత్తడి గొట్టం ఉండదు, ఆ రంధ్రమే సిరాబుడ్డి. అవతలికి పోకూడదు. ఎంత లోతు దిగాలో బిట్టు మీద ముందే గుర్తు పెట్టుకోవాలి. నేను ఎబొనైటు జోలికి ఇంకా పోలేదు.

మా ముక్క రెండోసారి తొలవటం అయిపోయింది. అవతలి కొసన రంధ్రం ఎక్కడ వచ్చిందో వడ్రంగి స్కేలు పెట్టి కొలిచి, "అర మిల్లీమీటరండీ" అన్నాడు. మిగిలిన మూడు ముక్కలనూ అదే పద్ధతిలో నేనే తొలిచాను. అతను పక్కన నిలబడి చూశాడు.

ఇత్తడి గొట్టాలు దూర్చేటప్పుడు కూడా రెండు చిక్కులు వచ్చాయి. ఒక ముక్కలో గొట్టం బిగుతుగా ఉన్నది. సుత్తితో కొడదామనుకుని, మొదటి ముక్క జ్ఞాపకం వచ్చి మానేశాను. సన్నని పుల్లకు గరుకు కాగితం చుట్టి లోపల నాలుగుసార్లు రుద్దితే గొట్టం బొటనవేలి ఒత్తిడికే దిగింది. ఇంకొక ముక్కలో వదులుగా గలగలలాడింది. బిట్టు కోత అంచుల్లో ఒకటి రెండోదానికంటే పొడుగ్గా అరిగి ఉంటే రంధ్రం ఇట్లా బిట్టు కంటే లావు అవుతుంది. ఆ బిట్టును పక్కన పెట్టేశాను. వదులు కొంచెమే గనుక, రెండు గొట్టాల్లోనుంచి తీసి కలిపే ఎపాక్సీ జిగురులో జిట్రేగు పొట్టు కలిపి చిక్కగా చేసి పూశాను. సందు నిండిపోయింది. ఇత్తడిని ముందుగా గరుకు కాగితంతో రుద్దుకోవాలి, నున్నగా ఉంటే జిగురు పట్టదు. జిగురు గొట్టం లోపలికి పోకుండా ఒక తమాషా చేశాము. బంగాళాదుంపను చక్రాలుగా కోసి, గొట్టం కొసలను దానిలో గుచ్చితే చిన్న బిళ్ళలు తెగి మూతల్లాగా ఉండిపోయాయి. జిగురు ఆరాక పుల్లతో తోసేస్తే సరి. ఆ పని మొత్తం మా మనుమడు చేశాడు. ఆ రోజు బంగాళాదుంప కూరలో ముక్కలకు మధ్యన ఎందుకు బొక్కలున్నాయని వాళ్ళ అమ్మ అడిగింది.

తల్లిదండ్రులకు ఒక మాట. కరెంటు డ్రిల్లూ లేతూ పిల్లలు ఒంటరిగా ముట్టుకునేవి కావు. ముక్కను ఎన్నడూ చేతితో పట్టుకుని తొలవకూడదు. బిట్టు కరిచిందంటే ముక్కతోపాటు చెయ్యి కూడా తిరుగుతుంది. కళ్ళకు అద్దాలు ఉండాలి. జడ పైకి ముడిచి కట్టాలి. పొడుగు చేతుల చొక్కాలు, ఉత్తరీయాలు లేతు దగ్గరికి రాకూడదు. జిట్రేగు పొట్టు కొందరికి దగ్గు, దురద తెస్తుంది గనుక ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. పిల్లలకు నేర్పదలిస్తే చేతితో తిప్పే బరమాతో మెత్తని కర్రమీద మొదలుపెట్టించండి. అది నెమ్మదిగా తిరుగుతుంది గనుక మొన జారటం, పొట్టు ఇరుక్కోవటం వాళ్ళ చేతికే తెలుస్తాయి.

కలాలు రెండూ తయారయ్యాయి. ఒకటి నిండుగా ముదురు రంగులో వచ్చింది. రెండోదాని కిందిభాగంలో, సగం దగ్గర సన్నగా మొదలై కొసకు వెడల్పవుతూ ఒక మచ్చ ఉన్నది. పాత రంధ్రం పూడ్చిన పుల్ల అది. అదే కర్ర అయినా దాని చారలు కొంచెం వేరుగా తిరిగాయి గనుక ఎంత మెరుగుపెట్టినా పోలేదు. మచ్చ లేనిది మనుమరాలికి ఇవ్వబోతే, "నాకు వేపాకు ఉన్నది కావాలి" అన్నది. మచ్చ వేపాకులా ఉన్నదని నేను అంతవరకూ చూడనే లేదు. మనుమడు తనకూ వేపాకే కావాలని పేచీ పెట్టాడు. చివరకు ఇద్దరికీ చీటీలు వేశాము. వేపాకు మనుమరాలికే వచ్చింది.

10 మిల్లీమీటర్ల తుంపు ఇంకా నా బల్ల సొరుగులో ఉన్నది. ఒక పక్క నాన్నగారి కాలపు సిరా మరక చెదరకుండా ఉన్నది. దానికి రంధ్రం వేసి తాళంచెవుల గుత్తికి కట్టుకుంటానని మనుమడు అడుగుతున్నాడు. ఆదివారం నాడు బరమా తెస్తానని వడ్రంగి చెప్పాడు.